ద్యుఫై పాట, బ్రూనెల్లెస్కి డోమ్, రెండు ఆర్గాన్ బాల్కనీలు: ఫ్లోరెన్స్ కెథడ్రల్‌లో సంగీతానికీ శిల్పానికీ ఏం సంబంధం?

తంబుర_శ్రుతి (చర్చ మొదలుపెట్టినవారు)

ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా దెల్ ఫియోరె కెథడ్రల్‌ని 1436 మార్చి 25న పోప్ నాలుగో యూజీనియస్ ప్రతిష్ఠించాడు. అప్పట్లో ఫ్లోరెన్స్ వాళ్ళకి కొత్త సంవత్సరం కూడా ఆ రోజే మొదలు. పోప్ దిగిన సాంతా మరియా నోవెల్లా చర్చి నుంచి కెథడ్రల్ దాకా నేలకి ఎత్తుగా చెక్క దారి వేసి, అలంకరించి, దాని మీద ఊరేగింపుగా తీసుకొచ్చారు. ఆ ప్రతిష్ఠ కోసం గియోమ్ ద్యుఫై ఒక మోటెట్ రాశాడు. పేరు 'నూపెర్ రొజారుమ్ ఫ్లోరెస్'. ఆయన అప్పుడు పోప్ గాయక బృందంలో ఉన్నాడు. (మోటెట్ అంటే లాటిన్ సాహిత్యంతో, ఒక్కో గొంతు ఒక్కో వరస పాడే పాట. దీనికి నాలుగు గొంతులు.)

ఈ పాట గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: డోమ్ కొలతల్ని ద్యుఫై పాటలో పెట్టాడని. నాకు అంతటితో తృప్తి లేదు. ఆ గుడిలో రాయి చెక్కినవాళ్ళూ, గోడల మీద బొమ్మలు వేసినవాళ్ళూ, పాడినవాళ్ళూ ఒకరి పని ఒకరు ఎలా పట్టించుకున్నారు? తెలిసినవాళ్ళు రాయండి.

అంకెల_లోకం

ఆ కొలతల మాటని అంత తేలిగ్గా వదలకండి శ్రుతి గారూ. ముందు అదేమిటో అందరికీ తెలియాలి.

పాట అడుగున రెండు టెనర్ గొంతులు సాగుతాయి. రెండూ పాడేది ఒకే పాత చర్చి వరసని, షడ్జ పంచమాల తేడాతో. ఆ వరస మొత్తం నాలుగు సార్లు వస్తుంది, ప్రతిసారీ కాలం మారుతుంది. మన పల్లవి విద్వాంసులు ఒకే పల్లవిని వేర్వేరు కాలాల్లో పాడినట్టు అనుకోండి. ఆ నాలుగు భాగాల నిడివి 6:4:2:3 లెక్కలో ఉంటుంది. 1973లో చార్లెస్ వారెన్ అనే పరిశోధకుడు కెథడ్రల్ ప్లాన్ తీసుకుని, పొడవాటి నడవ, మధ్య చౌకం, గర్భగుడి భాగం, డోమ్ ఎత్తు ఇదే నిష్పత్తిలో ఉన్నాయన్నాడు. డోమ్ కట్టిన బ్రూనెల్లెస్కి దానికి రెండు పెంకులు పెట్టాడు, లోపలొకటి, పైనొకటి. ద్యుఫై పాటకి రెండు టెనర్లు. ఇది కాకతాళీయం అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

కట్టుబడి_మేస్త్రి

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. సంగీతం గురించి మాట్లాడను, కట్టడం గురించి చెబుతాను.

ఆ కెథడ్రల్ కొలతలు బ్రూనెల్లెస్కివి కావు. పునాది 1296లో ఆర్నోల్ఫో ది కాంబియో వేశాడు. తర్వాత ఫ్రాన్చెస్కో తలెంతి పెంచాడు. డోమ్ ఎంత వెడల్పు ఉండాలో, ఏ వంపుతో లేవాలో 1367లోనే ఒక నమూనా తయారుచేసి ఖాయం చేశారు. బ్రూనెల్లెస్కి 1420లో పని మొదలుపెట్టేటప్పటికి ఆయన ముందున్న సమస్య ఒక్కటే: సుమారు 45 మీటర్ల వెడల్పున్న ఎనిమిది పలకల గుంత మీద, కింద నుంచి చెక్క ఆధారం లేకుండా, ఇటుక ఎలా పేర్చాలి? ఆయన గొప్పతనం ఆ జవాబులో ఉంది. ఇటుకల్ని చేప ముల్లు వరసలో పేర్చి, ఏ వరసకావరస తన బరువు తనే మోసుకునేలా చేశాడు.

రెండు పెంకుల సంగతి. 1420 నాటి పని ఒప్పందంలోనే కారణం రాసి ఉంది. పై పెంకు ఎందుకంటే లోపలిది వానకీ తేమకీ పాడవకుండా, బయటికి డోమ్ ఇంకా నిండుగా, ఘనంగా కనపడేలా. ఇది వాన నీళ్ళ లెక్క. ఇందులో టెనర్లు లేవు.

ఇంకొకటి. 1436 మార్చిలో డోమ్ ఇంకా పూర్తి కాలేదు. చివరి వరస మూసింది ఆ ఏడాది ఆగస్టులో. పైనున్న లాంతరు లాంటి గోపురం పని మొదలైంది 1446లో. ఇప్పుడు లోపల కనిపించే అంతిమ తీర్పు చిత్రం వసారీ, జుక్కారీ 1572-79 మధ్య వేసినది. ద్యుఫై పాట విన్నవాళ్ళు తలెత్తి చూస్తే కనపడింది ఖాళీ డోమ్ మాత్రమే.

పల్లవి_చరణం

మేస్త్రి గారి పోస్టుకి నా వైపు నుంచి కొంత.

1994లో క్రెయిగ్ రైట్ వారెన్ కొలతల్ని మళ్ళీ సరిచూసి, అవి నప్పేలా ఎంచుకున్న కొలతలని చూపించాడు. మరి 6:4:2:3 ఎక్కడిది? బైబిల్లో రాజుల మొదటి గ్రంథం ఆరో అధ్యాయం తీయండి. సొలొమోను కట్టించిన మందిరం పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. అందులో గర్భాలయం ముందున్న భాగం 40. ద్యుఫై అంకెలు సరిగ్గా అవే.

టెనర్లు పాడే పాత వరస కూడా ఏదో దొరికింది కాదు. గుడి ప్రతిష్ఠ రోజు పూజలో పాడే 'తెర్రిబిలిస్ ఎస్ట్ లోకుస్ ఇస్తె' మొదలు. యాకోబు నిద్ర లేచి, ఈ చోటు ఎంత భయంకరం, ఇది దేవుడి ఇల్లే అనుకునే ఘట్టం. పై గొంతులు పాడే సాహిత్యం మరియమ్మ మీద: పోప్ ఇచ్చిన బంగారు గులాబీ, ఫ్లోరెన్స్ ప్రజలు ఆమెకి అర్పించిన మహా మందిరం. నాలుగు చరణాలు, చరణానికి ఏడు పాదాలు. ప్రతి భాగంలో ముందు పై గొంతులు రెండే 28 మాత్రలు పాడతాయి, ఆ తర్వాత టెనర్లు కలిసి ఇంకో 28. రైట్ దృష్టిలో ఏడు మరియమ్మ అంకె, నాలుగు మందిరం అంకె. రెండూ గుణిస్తే 28. అంటే ద్యుఫై ఎదురుగా ఉన్న ఇటుకల్ని కొలవలేదు. మందిరం అనే భావాన్ని, దాని వెనక ఉన్న గ్రంథాన్ని పాటగా కట్టాడు. నాకు ఇదే ఎక్కువ లోతుగా అనిపిస్తుంది.

అంకెల_లోకం

రైట్ వాదం నాకూ తెలుసండీ. కానీ 2001లో మార్విన్ ట్రాక్టెన్‌బర్గ్ అనే వాస్తు చరిత్రకారుడు కట్టడానికీ పాటకీ సంబంధం ఉందని మళ్ళీ గట్టిగా వాదించాడు. కథ ముగియలేదు.

పైగా ఆ కాలం మనుషులకి ఈ రెండూ వేర్వేరు కాదు. వాస్తుశిల్పి ఆల్బెర్టి తన వాస్తు గ్రంథంలో చెవికి ఇంపైన అంకెలే కంటికీ ఇంపు అని రాశాడు. 1454లో రిమినిలో ఆయన డిజైన్ మీద పని జరుగుతుంటే అక్కడి పర్యవేక్షకుడికి ఉత్తరం రాస్తూ, స్తంభాల కొలతలు మార్చావంటే ఆ సంగీతమంతా శ్రుతి తప్పుతుందన్నాడు. కట్టడాన్ని సంగీతమనే పిలిచాడు చూడండి! 1436లో ఆయన ఫ్లోరెన్స్‌లోనే ఉన్నాడు. ఆ ఏడే తన చిత్రకళ పుస్తకాన్ని బ్రూనెల్లెస్కికి అంకితం ఇచ్చాడు.

కట్టుబడి_మేస్త్రి

ఆల్బెర్టి ఉత్తరం ఇంకో ఊరిది, 18 ఏళ్ళ తర్వాతది. 1367లో కొలతలు ఖాయం చేసిన కమిటీ మనుషులకి ఆ ఆలోచన ఉందని దాని నుంచి రాదు. ఆల్బెర్టి డిజైన్‌కి సంగీతం మూలం అంటే ఒప్పుకుంటాను. ఈ డోమ్‌కి అంటే ఒప్పుకోను.

తంబుర_శ్రుతి

ఇద్దరి వాదనా బాగుంది. కానీ అంకెల దగ్గరే ఆగిపోతున్నాం. శిల్పాల సంగతి ఎవరైనా?

కొండపల్లి_బొమ్మ

నేను రాస్తాను. ఆ కెథడ్రల్‌లో సంగీతానికీ కళకీ ఉన్న అసలు బంధం ఆర్గాన్ బాల్కనీల్లో ఉందని నా నమ్మకం.

డోమ్ కింద రెండు వస్త్రగదులు (పూజారుల దుస్తులు, పూజ సామాను ఉంచే గదులు) ఎదురెదురుగా ఉంటాయి. ఒక్కో గది తలుపు మీద ఒక్కో పాలరాతి బాల్కనీ ఉండేది. ఉత్తరం వైపుది లూకా దెల్లా రొబ్బియా చేశాడు, 1431లో మొదలై 1438లో పూర్తయింది. దక్షిణం వైపుది డొనాటెల్లోకి 1433లో అప్పగించారు. ఒక్కోటి అయిదున్నర మీటర్లకి పైగా పొడవు. ఇటలీలో వీటిని కాంతోరియా అంటారు, అంటే పాడే చోటు. ఒకే గుడి, ఒకే కొలత, ఒకే పని, ఎదురెదురుగా ఇద్దరు శిల్పులు. ఇద్దరి దారీ పూర్తిగా వేరు.

లూకా పది పలకలు చెక్కాడు. పిల్లలు, కుర్రాళ్ళు పాడుతూ, వాయిస్తూ, ఆడుతూ ఉంటారు. రెండు పక్కల చివరి పలకల్లో కేవలం గాయకులు. ఒకదాంట్లో పొడవాటి కాగితపు చుట్ట, ఇంకోదాంట్లో పుస్తకం పట్టుకుని గుంపుగా పాడుతుంటారు. వాళ్ళ ముఖాలు దగ్గరగా చూడాలి. ఒకడి నుదురు ముడుచుకుని ఉంటుంది, ఒకడి నోరు గుండ్రంగా తెరుచుకుని ఉంటుంది, వెనకవాడు ముందువాడి భుజం మీంచి మెడ సాచి స్వరాలు చూస్తుంటాడు. కళాకారుల జీవితచరిత్రలు కూడా రాసిన ఆ చిత్రకారుడు వసారీ వందేళ్ళ తర్వాత మెచ్చుకున్నది కూడా ఇలాంటివే: పాడేవాళ్ళ గొంతు ఉబ్బడం, పాట నడిపేవాడు చిన్నవాళ్ళ భుజాల మీద చేత్తో తాళం వేయడం. రోజూ పాట ప్రాక్టీసు చూసిన మనిషి తప్ప ఇంకెవరూ ఇలా చెక్కలేరని నాకనిపిస్తుంది. నేను పదేపదే చూసేది ఆ పలకలనే.

డొనాటెల్లో దగ్గర పాడేవాళ్ళే లేరు. రెక్కల పిల్లలు స్తంభాల వెనక ఆగకుండా గంతులేస్తూ పరిగెడుతుంటారు. వెనక గోడంతా మొజాయిక్ ముక్కలు మెరుస్తుంటాయి. నున్నగా తీర్చలేదు, చాలా చోట్ల ఉలి దెబ్బ కనపడుతుంది. కింద నిలబడి, సగం చీకట్లో, కొవ్వొత్తుల వెలుగులో చూసేవాళ్ళ కోసం చెక్కాడు కాబట్టి. దూరం నుంచి చూస్తే డొనాటెల్లోదే ఎక్కువ బాగా కనపడుతుందని, లూకా అంత శ్రమపడి తీర్చిన నునుపు ఆ ఎత్తులో కంటికి అందదని వసారీ తీర్పు.

వసారీ మాట కళ్ళ వరకూ నిజమే కావచ్చు. నాకు మాత్రం లూకా సంగీతాన్ని చూపించాడు, డొనాటెల్లో సంగీతం విన్నప్పటి ఊపుని చూపించాడు అనిపిస్తుంది. ఒకటి పాడేవాడి వైపు, ఒకటి వినేవాడి వైపు. మధ్యలో జనం.

సండేస్కూల్_టీచర్

బొమ్మ గారూ, చాలా సంతోషం. లూకా బాల్కనీ మీద లాటిన్‌లో చెక్కి ఉన్నది 150వ కీర్తన. పై అంచున, మధ్యలో, కింద, మూడు వరసల్లో ఉంటుంది. మన తెలుగు చర్చిల్లో పిల్లలు కంఠతా చెప్పే కీర్తన అదే. బూర, స్వరమండలం, సితారా, తంబుర, నాట్యం, తంతివాద్యాలు, తాళాలు. లూకా పలకలు ఆ వరసలోనే నడుస్తాయి. పైన నాలుగు: బూరలు ఊదేవాళ్ళు, తర్వాత తీగ వాయిద్యాలు రెండు రకాలు, తర్వాత డప్పులు. కింద నాలుగు: నాట్యం, చేతిలో పట్టుకుని వాయించే చిన్న ఆర్గాన్, ఆపైన రెండు పలకల్లో తాళాలు. కీర్తనలో తాళాల మాట రెండుసార్లు వస్తుంది కాబట్టి పలకలూ రెండు. చదువు రానివాడు కూడా బొమ్మలు చూస్తూ కీర్తన చెప్పేయగలడు.

రాత్రి_రేడియో

ఒక ప్రశ్న. ఆ బాల్కనీల మీద నిలబడే ద్యుఫై పాట పాడారా?

కొండపల్లి_బొమ్మ

లేదండీ. 1436 మార్చికి రెండూ పూర్తి కాలేదు. లూకా పని అయ్యేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. వీటిని కట్టించింది ముఖ్యంగా ఆర్గాన్‌ల కోసం. పేరులో పాట ఉన్నా, పెద్ద బృందం నిలబడేంత చోటు అక్కడ లేదు.

పల్లవి_చరణం

ఆర్గాన్ మాట వచ్చింది కాబట్టి ఆంతోనియో స్క్వార్చలూపీ గురించి చెప్పాలి. 1432 నుంచి 1480లో చనిపోయేదాకా, దాదాపు అర్ధశతాబ్దం, ఆ కెథడ్రల్ ఆర్గానిస్ట్ ఆయనే. 14వ శతాబ్దపు ఇటలీ పాటలకి అతి పెద్ద ఆధారంగా నిలిచిన, బంగారు రేకుల బొమ్మలున్న రాతప్రతి ఒకప్పుడు ఆయన దగ్గరే ఉండేది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అందులో ప్రతి స్వరకర్త పాటల ముందు ఆ స్వరకర్త బొమ్మ ఉంటుంది. ఆయన పోయాక బెనెదెత్తో ద మయానో చెక్కిన ఆయన విగ్రహాన్ని కెథడ్రల్ గోడలోనే పెట్టారు. అదే కెథడ్రల్‌లో బ్రూనెల్లెస్కి విగ్రహమూ ఉంది. కట్టినవాడికీ వాయించినవాడికీ ఊరు ఒకే రకం గౌరవం ఇచ్చింది.

లెక్కల_పద్దు

అంకెల గారు, మేస్త్రి గారు ఇద్దరూ ఒక కోణం వదిలేశారు: డబ్బు. ఆ కెథడ్రల్ పనులన్నీ చూసింది 'ఒపేరా' అనే సంస్థ. దాని మీద అజమాయిషీ ఉన్ని వర్తకుల సంఘానిది. డోమ్ ఇటుకలకీ, లూకా, డొనాటెల్లో పాలరాతికీ, కొత్త ఆర్గాన్‌లకీ ఖర్చు పెట్టింది ఆ సంస్థే. 1436లోనే పావొలో ఉచ్చెల్లో చేత గోడ మీద ఇంగ్లీషు సేనాని హాక్‌వుడ్ గుర్రం బొమ్మ వేయించిందీ వాళ్ళే. 1438లో బహుస్వరంగా పాడే జీతగాళ్ళ బృందం ఆ కెథడ్రల్‌కి ఏర్పడింది. లూకా బాల్కనీ పూర్తయింది కూడా అదే ఏడు.

నా మటుకు నాకు ఇదే గట్టి సంబంధం. ద్యుఫై డోమ్ కొలతలు చూశాడా లేదా అన్నది ఎటూ తేలదు. కానీ ఆ పదేళ్ళలో ఆ ఊరు గుడి పైకప్పు మూయడం, అందులో ఆర్గాన్ పెట్టడం, దానికి బాల్కనీ చెక్కించడం, పాడేవాళ్ళకి జీతం ఇవ్వడం, అన్నీ ఒకే పనిగా చూసింది. ఖాళీ డోమ్ ఇచ్చి ఊరుకుంటే గుడి పూర్తయినట్టు వాళ్ళు అనుకోలేదు.

అంకెల_లోకం

డబ్బు ఒకటే అయినంత మాత్రాన ఆలోచన ఒకటే అవుతుందా?

లెక్కల_పద్దు

అవదు. కానీ లూకాకి ఆర్గాన్ బాల్కనీ మీద ఏ బొమ్మలు నప్పుతాయో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పక్కనే ఆర్గాన్ మేస్త్రి గొట్టాలు బిగిస్తున్నాడు, డోమ్ మీద తాపీ పని నడుస్తోంది. ఒకే పని స్థలం.

ఇటలీలో_తెలుగు

నేను ఉత్తర ఇటలీలో ఉంటున్నాను. ఫ్లోరెన్స్ కెథడ్రల్‌లో పాటల పూజకి వెళ్ళినవాడిగా ఒక మాట. అది 153 మీటర్ల పొడవున్న రాతి గది. గాయకులు ఒక వాక్యం ఆపేశాక కూడా అది డోమ్ కింద తిరుగుతూనే ఉంటుంది. వేగంగా మాటలు పాడితే కింద నిలబడినవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ద్యుఫై టెనర్ల పొడుగాటి స్వరాలు అలాంటి చోట ఎందుకు పనిచేస్తాయో నాకు అక్కడే అర్థమైంది. ముందు రెండు సన్నటి గొంతులు, అవి ఎటు పోతున్నాయో చెవి పట్టుకుంటుంది. తర్వాత టెనర్లు దిగగానే అడుగున నేల పడినట్టవుతుంది. అంకెలు తెలియనివాడికి కూడా ఆ మార్పు ఒంటికి తెలుస్తుంది.

వెనిస్‌లో శాన్ మార్కో కూడా ఈ చర్చలోకి రావాలి. అది 1807 దాకా కెథడ్రల్ కాదు, వెనిస్ పాలకుడి సొంత చర్చి. 1527లో అక్కడ సంగీత పెద్దగా వచ్చిన అద్రియాన్ విల్లార్ట్ కీర్తనల్ని రెండు బృందాలకి పంచి రాశాడు. వాస్తుశిల్పి సాన్సోవినో గర్భగుడి దగ్గర గాయకులకి రెండు వైపులా బాల్కనీలు కట్టాడు, వాటి మీద కంచు పలకలు పోశాడు. ఫ్లోరెన్స్‌లో బాల్కనీలు ఆర్గాన్‌ల కోసమైతే, ఇక్కడ సంగీతం నడిచే తీరుని బట్టి గుడి లోపలి అమరిక మారింది.

హంపీ_దారి

చర్చకి పక్కదే అయినా మనకి ఆసక్తిగా ఉండే సంగతి. ప్రతిష్ఠ చేసిన ఈ నాలుగో యూజీనియస్‌కి విజయనగరం గురించి చెప్పిన మనిషి ఉన్నాడు. నికోలో కాంటి అనే వెనిస్ వర్తకుడు 15వ శతాబ్దం తొలి దశకాల్లో విజయనగరం చూశాడు. దారిలో ప్రాణభయంతో మతం మార్చుకున్నాడు. తిరిగొచ్చి క్షమాపణ అడిగితే, చూసిందంతా నా కార్యదర్శికి చెప్పు, అదే నీకు ప్రాయశ్చిత్తం అన్నాడట పోప్. ఆ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీని రాసిపెట్టిన దాంట్లో విజయనగరం పండగలు, గుళ్ళలో పాటలతో గడిపే రోజులు కూడా ఉన్నాయి. మన అన్నమాచార్యులూ ద్యుఫై కూడా ఒకే కాలం వాళ్ళు.

తంబుర_శ్రుతి

హంపీ_దారి గారూ, దీనికి వేరే చర్చ తెరవండి, నేను తప్పక వస్తాను.

ప్రతిష్ఠ రోజు అక్కడున్న జన్నోజ్జో మనెత్తి అనే పండితుడు దాన్ని వర్ణిస్తూ రాసిన వ్యాసం సంగతి కూడా ఇక్కడ చేర్చాలి. పూజలో అప్పం పైకెత్తే క్షణంలో గొంతులూ వాయిద్యాలూ కలిసి గుడంతా ఎంతగా మోగిందంటే, దేవదూతల పాట నేల మీదికి దిగినట్టుందన్నాడు. ఆయన ఆ వ్యాసంలో గుడి రూపాన్ని, ఊరేగింపుని, అలంకారాల్ని, పాటని విడివిడి అధ్యాయాలుగా చెయ్యలేదు. కంటికి కనపడింది, చెవికి వినపడింది, ముక్కుకి తగిలిన సుగంధం, అన్నీ ఒకే వరసలో చెప్పుకుపోయాడు.

రాత్రి_రేడియో

వచ్చే ఏడు మా కుటుంబం ఇటలీ వెళ్తోంది. కెథడ్రల్‌లోకి వెళ్తే ఆ బాల్కనీలు కనపడతాయా?

కొండపల్లి_బొమ్మ

అక్కడ కనపడవండీ. 1688లో ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచీ వంశపు యువరాజు ఫెర్దినాందో పెళ్ళికి గుడిని అలంకరించాలని రెండిటినీ ఊడదీసేశారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఇప్పుడు కెథడ్రల్ వెనకే ఉన్న 'ఒపేరా' మ్యూజియంలో ఒకే హాలులో ఎదురెదురుగా పెట్టారు. లూకా బాల్కనీలో ప్రస్తుతం ఉన్నవి నకలు పలకలు. అసలువి కింద, కంటి ఎత్తులో ఉన్నాయి, కాబట్టి వసారీ అందదన్న నునుపు మనకి అందుతుంది. ముందు హాలు అవతలి గోడకి వెళ్ళి అక్కడి నుంచి డొనాటెల్లోది చూడండి, దగ్గరికి వెళ్ళకండి. తర్వాత లూకా పలకల దగ్గరికి వచ్చి, కాగితపు చుట్ట పట్టుకున్న గాయకుల దగ్గర కాసేపు నిలబడండి. పిల్లలుంటే, ఎవడు పాట నడుపుతున్నాడో కనిపెట్టమనండి.

పల్లవి_చరణం

వెళ్ళేముందు ద్యుఫై మోటెట్ రెండు మూడు బృందాలు పాడినవి వినండి. కొందరు టెనర్లని గొంతుతో, కొందరు వాయిద్యంతో నడిపిస్తారు. ఆరేడు నిమిషాల పాట. నాలుగు భాగాలు ఎక్కడ మారుతున్నాయో పట్టుకోవడం కష్టం కాదు: ప్రతిసారీ కింది గొంతులు ఆగి, పై రెండే మిగులుతాయి.